ఊపిరుల శంఖం

ధూమ్రగిరి నెత్తిన, నల్లరాళ్ల గిన్నెలో ఒలకబోసిన నీలిరంగులా ఒక సరస్సు ఉంది. పేరు నీలకుహరం. దాని ఒడ్డున గడ్డిపరక మొలవదు. దాని మీదుగా కొంగ కూడా ఎగరదు. సరస్సు నట్టనడుమ నూటెనిమిది రాతిస్తంభాల మీద ఒక కోట నిలిచి ఉంది. ఎండ పడితే దాని గోడలు తాచు వీపులా మెరుస్తాయి, మబ్బు పట్టితే అక్కడ కోట ఉందన్న సంగతే తెలియదు. మాంత్రికుడు ధూమ్రకేతు నివాసం అదే.

ఆనాడు పొద్దు బారెడు ఎక్కే వేళకు ఇద్దరు మనుషులు ఆ ఒడ్డుకు దిగారు. ఒకరు యోగిని శాంభవి. డెబ్బై దాటిన మనిషి, వెన్ను మాత్రం వెదురులా నిటారుగా ఉంటుంది. రెండోవాడు సింగన. తాళధ్వజ రాజ్యపు సముద్రతీరంలో ముత్యాల కోసం మునిగే జాలరి యువకుడు.

పదకొండు నెలల కిందట ధూమ్రకేతు ఒక తెల్లని శంఖం పట్టుకుని తాళధ్వజ రాజ్యమంతా తిరిగాడు. అతడు శంఖం ఊదలేదు, పీల్చాడు. అతడు పీల్చిన చోటల్లా మనుషులు కూలిపోయారు. సింహాసనం మీద రాజు కూలాడు, ఏతం తొక్కుతూ రైతు కూలాడు. మొత్తం నూట ఒక్కరు. వాళ్ల ఒళ్లు వెచ్చగానే ఉన్నాయి, బుగ్గల్లో రంగు కూడా పోలేదు. ఊపిరి ఒక్కటే లేదు. వాళ్లలో సింగన భార్య చెంగల్వ ఒకతె. గుడిసె ముందు కూర్చుని చిరిగిన వల అల్లుతూ అల్లుతూ పక్కకు ఒరిగింది.

సింగన ఆమెను చాప మీద పడుకోబెట్టి, "ఒళ్లు సల్లబడేదాకా సితి మాట ఎత్తొద్దత్తా" అని అత్తగారికి చెప్పి, ధూమ్రకేతు విద్య మూలం తెలిసినది శాంభవి ఒక్కతేనని విని, ఆమె ఉండే కొండకు పరుగున వెళ్లాడు.

మనిషి ఆయువు ఏళ్లలో ఉండదు, ఊపిరుల్లో ఉంటుందని యోగుల మాట. రోజుకు ఇరవై ఒక్కవేల ఆరువందల ఊపిరులు. పుట్టినప్పుడే వాటా కొలిచి ఇస్తాడు భగవంతుడు. ధూమ్రకేతు తన వాటా దాదాపు ఖర్చు చేసేసుకున్నాడు. ఇప్పుడు నూట ఒక్కమంది వాటాలు తాగి వేల ఏళ్లు బతకాలని చూస్తున్నాడు. శంఖంలో బంధించిన ఊపిరులు సంపూర్ణ సూర్యగ్రహణం వేళ గానీ తాగడానికి పక్వం కావు. ఆ గ్రహణం ఈ రోజే. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా శంఖం చిక్కకపోతే ఆ నూట ఒక్కరూ ఇక లేవరు.

కొండ మీద మొదటిరోజునే సింగన గొప్ప చెప్పుకున్నాడు. "నాను నాలుగొందలు నెక్కెట్టేదాకా నీల్లలో ఉండగలను తల్లీ. ఆ శంకం ఏ నీల్లలో ఉందో సెప్పు, ఇప్పుడే ఎల్లి తెచ్చేస్తాను."

"అది ఊపిరిని గుంజకు కట్టేయడం నాయనా. కట్టేసిన గొడ్డు గుంజుకుంటూనే ఉంటుంది" అంది శాంభవి.

మూడు నెలలపాటు ఆమె అతనికి ఊపిరి సంగతే చెప్పలేదు. కుటీరం ఊడిపించింది, నీళ్లు మోయించింది. ఎవరినీ హింసించకు, అబద్ధం ఆడకు, ఎవరి సొత్తూ ముట్టకు అని ఆ మూడు మాటలే తిప్పి తిప్పి చెప్పింది. కాలిబాటలో చీమలబారు కనిపిస్తే చుట్టూ తిరిగి రమ్మంది. ఒకనాడు సింగన కావడి కింద పడేశాడు.

"నా పెళ్లాం ఊపిరి నేకుండా పడుంటే నన్ను సీమల్ని తప్పుకుని నడమంటావా?"

శాంభవి ముఖం పాలిపోయింది. "చీమల్ని తప్పుకుని నడవడం రానివాడి చేతికి ఊపిరి అందిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే నడవమంటున్నాను" అంది.

ఆ తరువాతే ఆసనం. పద్మాసనంలో మోకాళ్లు పగిలిపోతాయేమో అనిపించిన రోజులు పోయి, కూర్చున్నానన్న సంగతే మరచిపోయే రోజులు వచ్చాయి. అప్పుడు పూరకం, కుంభకం, రేచకం. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు 'సో' అనీ, బయటికి వచ్చేటప్పుడు 'హం' అనీ వినమంది. ఆయనే నేను అన్న మాటను ప్రతి ప్రాణీ తనకు తెలియకుండానే జపిస్తోందని చెప్పింది. ఒక తెల్లవారుజామున సింగన కళ్లు తెరిచి నెమ్మదిగా అన్నాడు:

"తల్లీ, ఇది నాను పీలుస్తన్న ఊపిరి కాదు. నాలో ఎవురో పీలుస్తన్నారు."

"ఆ ఎవరో కోసమే నాయనా ఈ విద్యంతా. నీళ్లలో ఉండటం కోసం కాదు" అంది శాంభవి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో సింగన అడగలేదు.

ఇప్పుడు సరస్సు ఒడ్డున ఆమె జటలు విప్పి పక్కకొప్పు చుట్టుకుంది. నుదుట కాసంత కుంకుమబొట్టు, మెడలో పూసల పేర్లు, చంకలో బుట్ట, చేతిలో చిన్న కర్ర. చూస్తుండగానే యోగిని పోయి ఎరుకలసాని నిలబడింది.

"అబద్దమాడొద్దన్నావు గదా, మరీ యేసమేటి?" అన్నాడు సింగన, నవ్వించాలని.

ఆమె నవ్వలేదు. "ఒక్కోసారి తప్పుతాం నాయనా. తప్పినదాని బరువు కూడా మనమే మోయాలి" అని మాట మార్చింది. "విను. శంఖం కోట కింద నీళ్లలో, నడిమి స్తంభం గూటిలో ఉంటుంది. నీటినాగులు కాపలా. అవి కళ్లతో చూడవు, గుండెచప్పుడు వింటాయి. భయంతోనో పగతోనో కొట్టుకునే గుండె ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. శంఖం మూతికి లక్క వేసి ఉంటుంది. నీళ్లలో తీశావా, ఊపిరులన్నీ నీటిపాలు. సభామంటపంలో బావిలాంటి బిలం ఉంది, దానిగుండా పైకి రా. అంతవరకు నేను వాణ్ణి మాటల్లో పెడతాను."

"సోది సెబుతానయ్యా సోది! ఉన్నది ఉన్నట్టు సెబుతాను, పోయినది పోయినట్టు సెబుతాను!"

శాంభవి పెట్టిన ఆ కేకకు కోట నుంచి పడవ వచ్చింది. గ్రహణం పూట గండాలు చెప్పే మనిషి దొరికిందని భటులు సంబరపడి ఆమెను ఎక్కించుకున్నారు. పడవ అడుగున దూలాన్ని పట్టుకుని సింగన నీళ్ల కిందుగా ప్రయాణమయ్యాడు.

సభామంటపంలో పులితోలు మీద ధూమ్రకేతు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లవాడు. ముఖాన ముడత లేదు, పెదవుల్లో నెత్తురు లేదు. ఎదుట బిలం నోరు తెరుచుకుని ఉంది. దానిలోకి, శంఖాన్ని పైకి లాగే ఇనుపగొలుసు వేలాడుతోంది. ఎరుకలసాని బుట్ట దింపి, అతని అరచెయ్యి పట్టుకుని గీతల మీద కర్ర ఆనించింది.

"దొరా, నీ సేతిలో..."

"ఆ యాస వద్దమ్మా" అన్నాడు ధూమ్రకేతు, కళ్లు తెరవకుండానే. "మెట్లు ఎక్కుతుండగానే నీ ఊపిరి విన్నాను. పదహారేళ్లు ఆ ఊపిరి పక్కన నిద్రపోయినవాణ్ణి. నాకు తెలియదా?"

కర్ర శాంభవి చేతిలోంచి జారిపోయింది. ధూమ్రకేతు ఆమె కన్నకొడుకు.

"ఆనందా" అంది. ఆమె పెట్టిన పేరు అది. "తిన్నావా?"

మాంత్రికుడు కళ్లు తెరిచాడు. లోకాన్ని వణికించేవాణ్ణి ఆ మాట అడిగినవారు పాతికేళ్లుగా లేరు.

సరిగ్గా ఆ వేళకు సింగన స్తంభాల అడవిలోకి దిగాడు. పైన పచ్చగా ఉన్న వెలుగు కిందికి పోయేకొద్దీ నీలమై, నల్లనై, ఆరిపోయింది. నూరు లెక్కపెట్టేసరికి నడిమి స్తంభం చేతికి తగిలింది. గూటిలో, పైనుంచి దిగిన గొలుసు కొసన, శంఖం వెన్నెలముద్దలా ఉంది. అతను చెయ్యి చాచాడో లేదో, స్తంభాల చాటునుంచి నాగులు విప్పుకున్నాయి. ఒక్కొక్కటి తాటిబొద్దంత. సింగన మొలలోని కత్తి దూశాడు. గుండె డప్పులా మోగింది. ఆ మోతకు నాగులన్నీ ఒక్కసారిగా తలలు తిప్పాయి. ఒకదాని తోక అతని నడుము చుట్టుకుని బిగిసింది. ఛాతీలోని గాలి బుడగలై పైకి పోయింది.

చెంగల్వ గుర్తుకొచ్చింది. ఆ వెనుకే కొండబాటలోని చీమలబారు గుర్తుకొచ్చింది. ఈ పాము తన కాపలా తాను కాస్తోంది, దీని మీద నాకేం పగ అనిపించింది. సింగన వేళ్లు విప్పాడు. కత్తి తళుక్కుమంటూ అడుగుకు జారిపోయింది. అతను కళ్లు మూసుకున్నాడు. పీల్చడానికి గాలి లేదు. అయినా లోలోపల 'సో' అని ఒకటి లేచింది, 'హం' అని ఒకటి అణిగింది. గుండె నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. రెండు దెబ్బల మధ్య ఒక మనిషి తీరిగ్గా నడిచిపోయేటంత ఎడం వచ్చింది. నడుము చుట్టూ పట్టు సడలింది. నాగులు నీళ్లలో నాచు కదిలినట్టు కదిలి, అతన్ని తాకుతూ, అతను అక్కడ లేనట్టే వెళ్లిపోయాయి. అతను గొలుసు విప్పి, శంఖాన్ని చంకన పెట్టుకుని పైకి ఈదాడు.

పైన మంటపంలో వెలుగు బూడిదరంగుకు తిరుగుతోంది. గ్రహణం పట్టింది.

"నీకు ఏడో ఏట సన్నిపాతం వచ్చింది" అంటోంది శాంభవి. "రాత్రికి దాటడన్నారు వైద్యులు. తల్లి మనసు కదా, యమనియమాలు ఏమీ నేర్పకుండానే నీకు కుంభకం నేర్పాను. ఊపిరి పొదుపు చేసి బతికించుకున్నాను. బతికావు. కానీ ఊపిరి ఎవరిదో, ఎందుకో నీకు చెప్పలేదు. ఇదంతా నేను చేసిందే ఆనందా. నీ తప్పు ఏదీ లేదు."

"తప్పని ఎవరన్నారు? నాకు చచ్చిపోవాలంటే భయం. ఏడో ఏటి నుంచీ భయమే. ఇంకా వెయ్యి ఊపిరులే మిగిలాయమ్మా. మూడు ఘడియలు కూడా రావు." అతను చేయి విడిపించుకుని గొలుసు లాగాడు. గొలుసు ఖాళీగా వచ్చింది.

దాని వెనుకే బిలం అంచు మీద ఒక చెయ్యి, ఆ తరువాత సింగన తల. "తల్లీ!" అని అరుస్తూ అతను శంఖం మూతిని రాతిగట్టుకేసి బాదాడు. లక్క పగిలింది.

మంటపమంతా వెలుగు నిండింది. తూనీగరెక్కల్లాంటి పలుచని వెలుగులు ఒక్కొక్కటే శంఖంలోంచి లేచి, ఒక్కక్షణం తచ్చాడి, తమ దారి తెలిసినట్టు కిటికీల గుండా దూసుకుపోయాయి. ఎక్కడో తాళధ్వజంలో రాజు పాన్పు మీద దగ్గి లేచాడు; ఏ ఇంట్లోనో తల్లి కెవ్వున కేకవేసి బిడ్డను హత్తుకుంది. సింగన నవ్వుతూ, ఏడుస్తూ లెక్కపెడుతున్నాడు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు.

నూట ఒకటోది వెళ్లలేదు. అది సింగన చుట్టూ తిరిగింది, తడిజుట్టును తాకింది, భుజం మీద వాలింది. ఎండిన వలల వాసన, ఉప్పుగాలి వాసన వేసింది.

"చెంగల్వా!" అన్నాడు సింగన. "నువ్వెల్లవేటి? ఎల్లు, మీ యమ్మ సూత్తా ఉంటది. నీ యెనకాలే నానొచ్చేస్తాను."

అది కదల్లేదు.

"అది వెళ్లదు" అన్నాడు ధూమ్రకేతు, నేలమీద మోకాళ్లతో పాకి వస్తూ. శంఖబలం పోతుంటే అప్పటికే అతని జుట్టు నెరుస్తోంది. "దానికి ఇల్లు లేదు. ఒళ్లు లేని ఊపిరి అది. నాకిచ్చెయ్యి. ఎవరికీ పనికిరానిది నాకిస్తే నీకేం పోతుంది?"

"ఒల్లు నేకపోడమేటి?" సింగన శాంభవి వైపు తిరిగాడు. "ఏటంటన్నాడు తల్లీ ఈడు?"

శాంభవి తల వంచుకుంది. ఎన్నడూ వంగని వెన్ను వంగింది.

"మాఘమాసంలో ఉప్పెన వచ్చింది నాయనా. మీ పల్లె మొత్తం కొట్టుకుపోయింది. మీ అత్తగారు చెంగల్వను వదలకుండా పట్టుకునే ఉందట. ఇద్దరూ దొరకలేదు. కొండకు వచ్చిన ఉప్పుబేరగాళ్లు చెప్పారు."

"మాగమాసంలో." సింగన వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. "ఇది ఆశాడం. ఐదు నెలలు నీకు తెలుసు."

"తెలుసు. చెబితే నువ్వు ఆసనంలో కూర్చోలేవు. నువ్వు కూర్చోకపోతే మిగిలిన నూరుమందికీ దిక్కు లేదు. నీకు సత్యం నేర్పుతూ ప్రతి ఉదయం నీతో అబద్ధమాడాను." ఆమె బిలం గట్టు పట్టుకుని నిలబడింది. "దానికి బదులు ఒకటే ఇవ్వగలను. పరకాయప్రవేశం నాకు తెలుసు. ఈ దేహంలోంచి నేను తప్పుకుంటాను. నీ చెంగల్వ ఇందులోకి వస్తుంది. ముసలి ఒళ్లే, కానీ పదేళ్లు తిరుగుతుంది. నీతో మాట్లాడుతుంది, నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది. మాట చెప్పు."

ఒక్కమాట చాలు. సింగన నోరు తెరిచాడు. ఆమె కళ్లలోంచి చెంగల్వ చూస్తుంది, ఆమె నోటితో చెంగల్వ నవ్వుతుంది అనుకునేసరికి అతని ఒళ్లంతా ఆశతో వణికిపోయింది. తరువాత ఆ ముసలి చేతులు చూశాడు.

"వద్దు తల్లీ" అన్నాడు. "నిన్ను సంపి దాన్ని తెచ్చానని తెలిస్తే అది ఒక్కపూటైనా బతుకుతదా? దొంగసొమ్ము గుడిసెలోకి రానిచ్చే మనిసి కాదది."

ఆ మాట అంటూ ఏడుపు ఆపుకోలేక ఎగపీల్చాడు. భుజం మీది వెలుగు ఆ శ్వాసతో పాటే అతని లోపలికి వెళ్లిపోయింది.

సింగన స్థాణువైపోయాడు. ఛాతీలో ఒక వెచ్చదనం ఒదిగి కూర్చుంది. అతను గొంతు బిగించాడు. నేర్చిన విద్యనంతా కూడగట్టి కుంభకం పట్టాడు. ఆమె లోపలే ఉంది. తను వదలనంతసేపూ ఉంటుంది. మంటపం చీకటైపోయింది, సంపూర్ణ గ్రహణం. పట్టపగలు చుక్కలు పొడిచాయి. కింద ఎక్కడో ఒక స్తంభం పిడుగుపాటుకు విరిగినట్టు విరిగింది. శంఖబలం పోయి కోట కదులుతోంది. భటులు కేకలు వేస్తూ నీళ్లలోకి దూకుతున్నారు. సింగన కదల్లేదు. మూడువందలు, నాలుగువందలు, ఐదువందలు గడిచాయి. చెవుల్లో సముద్రం హోరెత్తింది. శాంభవి వదలమనీ అనలేదు, పట్టమనీ అనలేదు.

ఆరువందల దగ్గర, లోపలి వెచ్చదనం మెత్తగా ఒకసారి కదిలింది. పెళ్లయిన కొత్తలో, తెల్లవారుతున్నా తను చెయ్యి వదలకపోతే, 'పడవ యేలయింది, ఇడువయ్యా' అన్నట్టు చెంగల్వ చేసే కదలిక అది.

సింగన కిటికీ దగ్గరికి నడిచి, ఊపిరి వదిలాడు.

వెలుగు సరస్సు మీదికి వెళ్లింది. నల్లని సూర్యుడి అంచున మొదటి కిరణం మెరిసింది. ఆ మెరుపులో అది ఎటు కలిసిపోయిందో తెలియలేదు.

అతను రాతినేల మీద కూలబడి, తల బాదుకుంటూ ఏడ్చాడు. అతను లేచేసరికి మంటపం ఒక పక్కకు ఒరిగి, బిలంలోంచి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి. శాంభవి పద్మాసనంలో కూర్చుని ఉంది. ఆమె ఒడిలో జుట్టంతా తెల్లబడిన ధూమ్రకేతు తల. తల్లికంటే ముసలివాడై, ఏడేళ్ల బిడ్డలా ఆమె కొంగు పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు వెళ్లు సింగన్నా. మెట్ల దగ్గర పడవ ఉంది" అంది. "వీడికి ఇంకా మూడువందల ఊపిరులున్నాయి. ఆనాడు చెప్పని మాటలు చెప్పుకోవాలి. నాయనా, నన్ను క్షమించగలవా?"

సింగన వెనక్కి తిరిగాడు. ఆమె కాళ్లకు మొక్కలేదు. మెట్లు దిగి, పడవ విప్పి, తెడ్డు వేశాడు. గ్రహణం విడిచిన ఎండ కొండ మీద కొత్తగా పరుచుకుంటోంది. వెళ్లడానికి ఊరు లేదు. చేరడానికి గుడిసె లేదు. అయినా చేతులు తెడ్డు వేస్తూనే ఉన్నాయి.

సగం దూరంలో వెనుక నుంచి గొంతు వినిపించింది. ముసలి గొంతు ఒకటి 'ఎవరినీ హింసించకు, అబద్ధం ఆడకు' అని చెబుతోంది, ఇంకో గొంతు తడబడుతూ అప్పజెబుతోంది. సింగన తల తిప్పాడు. కోట మెట్లు నీళ్లలోకి జారుతున్నాయి. ఒరిగిన మంటపం కిటికీలోంచి శాంభవి కనిపిస్తోంది, నడుము దాకా నీళ్లు. వెన్ను మళ్లీ నిటారుగా ఉంది. కొడుకు గొంతు ఆగిపోయింది. ఆమె ఒక్కతే ఇంకా చెబుతోంది, అతను వింటున్నట్టే.

"నాతో అబద్దమాడిన మనిసి" అనుకున్నాడు సింగన పళ్లు కొరుకుతూ. మళ్లీ అనుకున్నాడు. మూడోసారి అనుకోబోయి, తెడ్డు నీళ్లలో అడ్డంగా పొడిచి, పడవను గిరుక్కున తిప్పాడు.

"తల్లీ! సెయ్యి పైకెత్తు! వస్తన్నాను, సెయ్యెత్తు!"

అప్పుడే నడిమి స్తంభం విరిగింది. కోట మొత్తం కూలిన తాకిడికి కెరటం తాటిచెట్టంత ఎత్తున లేచి అతని మీదికి రాసాగింది. దాని నెత్తిన నాగులు, దూలాలు, ఖాళీ శంఖం గింగిరాలు తిరుగుతున్నాయి. పడవ ముక్కు ఆకాశానికి లేచింది. సింగన తెడ్డు విసిరేసి, ఆమె ఉన్న వైపుకు నీళ్లలోకి దూకాడు.